మొద్దుబారిన చైన్‌సా చైనుకు పదును పెట్టడం: ఆకురాయి నుంచి డెప్త్ గేజ్ దాకా

చైను పదును తెలియాలంటే దాన్ని వేలితో తడమక్కర్లేదు, కోత కింద రాలేది చూస్తే చాలు. పదునున్న చైను దుంగను అడ్డంగా కోస్తుంటే మందపాటి పేళ్ళు రాలతాయి. మొద్దుబారిన చైనుకైతే మెత్తటి పొడి రాలుతుంది. దుంగను అడ్డంగా కోసినప్పుడే ఈ పరీక్ష నమ్మదగినది. నార వెంట నిలువునా కోస్తే పదునున్నా పొడవాటి పీచులు వస్తాయి. బాగా ఎండిన, పుచ్చిన కర్రలో ఎలాంటి చైనుకైనా కొంత పొడి తప్పదు.

మిగతా గుర్తులూ దాచినా దాగవు. తన బరువుతో తానే దిగాల్సిన రంపం మనం నొక్కితేగానీ దిగదు. చైను చుట్టి తిరిగే పొడవాటి పలకకు, అంటే బార్‌కు, నూనె అందుతున్నా కోతలోంచి పొగ లేస్తుంది. కోత నిటారుగా దిగకుండా ఒక పక్కకు వంపు తిరుగుతుంది. చైను కర్ర మీద ఎగిరెగిరి పడుతూ చేతులను అదరగొడుతుంది. ఇలాంటప్పుడు ఇంకా గట్టిగా నొక్కి పని లాగించేద్దామనుకుంటే బార్ వేడెక్కుతుంది, క్లచ్ అరుగుతుంది, భుజాలు పట్టేస్తాయి. అసలు ప్రమాదం వేరే ఉంది. ఒళ్ళు బరువంతా రంపం మీద వేసి నొక్కేవాళ్ళు కోత తెగిన క్షణంలో ముందుకు తూలతారు.

పదును పెట్టడం కష్టమైన పని కాదు. కాకపోతే చాలామంది పంటి అంచును మాత్రమే అరగదీసి, దాని ముందున్న బొడిపెను మరిచిపోతారు. చైను కోసేది ఆ రెండింటి ఎత్తుల్లోని తేడాతో. అందుకే ఆకురాయి పట్టే ముందు పన్ను ఎలా పనిచేస్తుందో కాస్త చూద్దాం.

పన్ను కోసే తీరు

చైనులో ఎడమ పన్ను, కుడి పన్ను ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక్కో పంటిలో రెండు భాగాలుంటాయి. వెనక ఉన్నది కోసే భాగం. దానికి పైరేకు, పక్కరేకు ఉంటాయి. ముందున్న చిన్న బొడిపె డెప్త్ గేజ్, కొందరు రేకర్ అంటారు. ఇది పైరేకు అంచు కన్నా ఓ వెంట్రుక వాసి కిందుగా ఉంటుంది. చైను పరుగెడుతుంటే బొడిపె కర్ర మీద జారుతూ, వెనక అంచు ఎంత లోతుకు దిగాలో నిర్ణయిస్తుంది. వడ్రంగి చిత్రికలో దిమ్మె దాటి ఉలి ఎంత బయటికి వస్తే అంత మందం పేడు లేస్తుంది కదా, ఇదీ అంతే.

పైరేకు వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలి ఉంటుంది. ఆకురాయి పట్టిన ప్రతిసారీ అంచు కాస్త వెనక్కి జరుగుతుంది, ఆ వాలు వల్ల కాస్త కిందికీ దిగుతుంది. బొడిపె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అలా పదును పెట్టగా పెట్టగా అంచూ బొడిపే ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి. అప్పుడు పన్ను ఎంత పదునున్నా కర్రను అందుకోలేదు. పదును పెట్టినా కోయట్లేదని చైను పారేసేవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఇదే.

పైరేకు, పక్కరేకు కలిసే మూల మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి. కర్రను మొదట తాకేది ఆ మూలే, మొదట మొద్దుబారేదీ అదే. పంటి బయటివైపు పల్చటి క్రోమియం పూత ఉంటుంది. నిజంగా కోసే అంచు ఈ గట్టి పూతదే, లోపలి ఉక్కు దానికి దన్ను మాత్రమే. రాయి తగిలి మూల దగ్గర పూత చిట్లితే, చిట్లిన మేర మొత్తం అరగదీసి వెనక ఉన్న మంచి పూత దాకా పోవాలి. మధ్యలో ఆపేస్తే అంచు మెరుస్తుందేగానీ తెగదు.

ఈ రకం పళ్ళకు వెనక ఓ పురుగు కథ ఉంది. మొదట్లో చైన్‌సా పళ్ళు చేతిరంపం పళ్ళలాగే కర్రను గీరేవి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కలప పని చేసే జోసెఫ్ బ్యుఫోర్డ్ కాక్స్ 1946లో ఓ మొద్దులో కలప తొలిచే పురుగు లార్వా కర్రను తొలుచుకుపోవడం గమనించాడు. దాని దవడలు ఎడమకూ కుడికీ కొరుకుతూ నార అడ్డమొచ్చినా, నిలువొచ్చినా ఒకేలా సాగిపోతున్నాయి. ఆ దవడల పోలికలో ఎడమ, కుడి పళ్ళతో చైను తయారుచేసి 1947లో అమ్మకం మొదలుపెట్టాడు. నేటి చైనుల్లో ఎక్కువ భాగం ఆ నమూనా వారసులే.

ఆకురాయి సైజు

ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదు. గుండ్రటి ఆకురాయి మందం చైను పిచ్‌కు సరిపోవాలి. వరసగా మూడు రివిట్లు తీసుకుని, మొదటిదాని నడిమి నుంచి మూడోదాని నడిమి దాకా కొలిచి, రెండుతో భాగిస్తే వచ్చేదే పిచ్. మామూలుగా కనిపించేవి ఇవి (ముందున్నది అంగుళాల్లో పిచ్, తర్వాతది ఆకురాయి మందం):

- 3/8 లో ప్రొఫైల్ (చిన్న రంపాల్లో ఎక్కువ): 4.0 మి.మీ.
- .325: 4.8 మి.మీ.
- 3/8 (పెద్ద రంపాల్లో): 5.2 లేదా 5.5 మి.మీ., తయారీదారును బట్టి
- .404: 5.5 మి.మీ.

రెండు రకాల 3/8 చైన్లూ కొలతలో దాదాపు ఒకటే కాబట్టి కొలిచి తేడా పట్టలేం. లో ప్రొఫైల్ పళ్ళు పొట్టిగా, చిన్నగా ఉంటాయి. పెద్ద 3/8లో కూడా తయారీ సంస్థల్లో స్టిల్ 5.2 చెబుతుంది, ఒరెగాన్ అనే సంస్థ 5.5 చెబుతుంది. కనుక చైను వచ్చిన డబ్బా మీదో, రంపంతో ఇచ్చిన పుస్తకంలోనో ఏముందో చూడటమే మేలు. డబ్బా పారేసినా చైను లింకుల మీద అచ్చు వేసిన అంకెలుంటాయి, వాటితో వెతకొచ్చు. పంటి కొసకు కార్బైడ్ ముక్క అతికిన చైన్లకు మాత్రం మామూలు ఆకురాయి పనిచేయదు. వాటికి వజ్రపు పూత సాన కావాలి.

గుండ్రటి ఆకురాయితో పాటు దానికి పిడి, కోణం గీతలున్న గైడు, ఒక బల్లపరుపు ఆకురాయి, డెప్త్ గేజ్ కొలిచే రేకు, మార్కర్ పెన్ను, మందపాటి చేతి తొడుగులు కావాలి. చేయి ఎంత తిరిగినవాళ్ళకైనా గైడు వాడమనే చెబుతాను. ఎత్తూ కోణమూ అదే చూసుకుంటుంది, మన ధ్యాస తోపు మీద ఉండొచ్చు.

ముందు రంపాన్ని ఆపడం, శుభ్రం చేయడం

ఇంజిన్ రంపమైతే ఆపి, స్పార్క్ ప్లగ్ మీది టోపీ లాగేయండి. బ్యాటరీ రంపమైతే బ్యాటరీ బయటికి తీయండి, కరెంటు రంపమైతే ప్లగ్గు పీకండి. కదలని చైను కూడా చేయి జారితే లోతుగానే కోస్తుంది, తొడుగులు తప్పనిసరి.

చైనుకు పట్టిన జిగురు, మట్టి, నూనె బ్రష్‌తో పోయేలా రుద్ది గుడ్డతో తుడవండి. నూనె మరకల మీద ఆకురాయి కొరకదు, జారుతుంది. తుడిచాక చైను మొత్తం ఒకసారి తిప్పి చూడండి. పగిలిన లింకు, వదులైన రివిట్, సగం ఊడిన పన్ను కనిపిస్తే పదును ఆలోచన మానేసి చైను మార్చండి.

బిగించడం

పన్ను ఊగితే పదును సమంగా రాదు. బార్‌ను వైసులో బిగించండి. బయట పనిలో ఉంటే మొద్దులో దిగ్గొట్టే చిన్న వైసులు దొరుకుతాయి. చైను బిగువు మామూలుకన్నా ఒక్క పిసరు పెంచితే పళ్ళు పక్కకు ఒరగవు. పన్ను మీద ఆకురాయి పట్టేటప్పుడు చైన్ బ్రేకు వేసి, తర్వాతి పళ్ళ దగ్గరికి జరిపేటప్పుడు తీయండి. బార్ నడుమ చైను తిన్నగా ఉంటుంది, పని అక్కడే చేయండి.

ఏ పంటితో మొదలుపెట్టాలి

అన్నిటికన్నా పొట్టిగా, అన్నిటికన్నా దెబ్బతిన్నట్టు కనిపించే పన్నును వెతకండి. చైను మీద మిగతా పళ్ళన్నీ దాని పొడవుకే రావాలి. దాని మీద మార్కర్‌తో గుర్తు పెడితే మొదలు ఎక్కడో, చివర ఎక్కడో తికమక ఉండదు. ఇంకో ఉపాయం కూడా ఉంది. పళ్ళ పైరేకులకు మార్కర్ రంగు పూసేయండి. ఆకురాయి ఎక్కడ తగిలిందో, ఎక్కడ తగలలేదో రంగు పోయిన తీరే చెబుతుంది.

ఆకురాయి పట్టడం

మూడు సంగతులు ఒకేసారి సరిగ్గా ఉండాలి.

మొదటిది ఎత్తు. ఆకురాయి మందంలో అయిదో వంతు పైరేకు కన్నా పైకి కనిపించాలి, మిగతా నాలుగు వంతులు పంటి లోపలి గుంటలో ఉండాలి. గైడు ఉంటే అది పైరేకు మీద, డెప్త్ గేజ్ మీద ఆనుతుంది కాబట్టి ఈ ఎత్తు దానంతటదే వస్తుంది.

రెండోది కోణం. ఎక్కువ చైన్లకు పైరేకు కోణం 30 డిగ్రీలు, కొన్నిటికి 25. చాలా పళ్ళ పైరేకు మీద వెనకగా సన్నటి గీత ఒకటి అచ్చు వేసి ఉంటుంది. అది ఆ పంటికి కావలసిన కోణాన్ని చూపిస్తుంది. గైడు మీది గీతను చైను పొడవుకు సమాంతరంగా పెడితే ఆ కోణం నిలుస్తుంది. దుంగను నిలువునా పలకలుగా చీల్చే ప్రత్యేక చైన్లకు కోణం 10 డిగ్రీలే, వాటిని 30కి పట్టకండి.

మూడోది పిడి ఎత్తు. ఆకురాయి పైకీ కిందికీ వాలకుండా బల్లపరుపుగా సాగాలి. కొన్ని చైన్లకు పిడిని 10 డిగ్రీలు కిందికి దించమంటారు. మీ చైనుకు అలా చెప్పి ఉంటే తప్ప దించకండి.

ఇప్పుడు పంటి లోపలి వైపు నుంచి బయటి వైపుకు తోయాలి. కుడి పళ్ళు పడుతుంటే రంపానికి ఎడమ పక్క నిలబడతారు, ఎడమ పళ్ళకు కుడి పక్క. ఆకురాయి తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు పంటిని తాకకుండా ఎత్తి తీసుకురండి. రంపం కోసినట్టు ముందుకూ వెనక్కూ ఆడిస్తే ఆకురాయి నోరు తొందరగా పోతుంది, అంచు కూడా గరుకు తేలుతుంది. ఒత్తిడి కిందికి కాదు, వెనక్కి, పంటి వైపుకు పడాలి. గట్టిగా నొక్కక్కర్లేదు. మంచి ఆకురాయి ప్రతి తోపుకూ సన్నటి రజను రాల్చుతుంది. రజను రావట్లేదంటే ఆకురాయి అరిగిపోయిందన్నమాట. పాత ఆకురాయితో గంట కుస్తీ పట్టడం కన్నా కొత్తది తెచ్చుకోవడం మంచిది.

రోజువారీ మెరుగుకు పంటికి రెండు మూడు తోపులు సరిపోతాయి. బాగా మొద్దుబారితే ఐదారు, రాయి తగిలితే ఇంకా ఎక్కువ. గుర్తు పెట్టిన మొదటి పంటికి ఎన్ని తోపులు పట్టాయో మిగతా పళ్ళకూ అన్నే ఇవ్వడం మొదటి లెక్క. ఆ తర్వాత పొడవు చూసి సరిచేయండి. నాలుగైదు తోపులకోసారి ఆకురాయిని కాస్త తిప్పితే అన్ని పక్కలా సమంగా అరుగుతుంది. పళ్ళ మధ్య ఇరుక్కున్న రజనును తట్టి దులపండి.

ఒక పక్క పళ్ళన్నీ, అంటే ఒకటి విడిచి ఒకటి, పూర్తిచేశాక రంపాన్ని తిప్పి రెండో పక్కకు వెళ్ళండి. ఇక్కడో తిరకాసు ఉంది. చాలామందికి ఒక చేయి బలం, ఇంకో చేయి బలహీనం. తోపులు సమానంగా లెక్కపెట్టినా ఒక పక్క పళ్ళు తొందరగా పొట్టివవుతాయి. రెండు పక్కల పళ్ళ పొడవూ అప్పుడప్పుడు కాలిపర్‌తో కొలిచి, వెనకబడిన పక్కకు ఒక తోపు అదనంగా ఇవ్వండి.

పదును వచ్చిందా?

వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అంచును చూడండి. మొద్దు అంచు మీద వెలుగు పడి సన్నటి తెల్లటి గీత మెరుస్తుంది. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు, గీత కనిపించదు. ముఖ్యంగా పైరేకు, పక్కరేకు కలిసే మూలలో మెరుపు మిగిలితే పని అవ్వలేదు, ఇంకో రెండు తోపులు పడాల్సిందే. అంచు ఆకారం కూడా గమనించండి. పక్క నుంచి చూసినప్పుడు పక్కరేకు అంచు కొంగ ముక్కులా ముందుకు వంగిందంటే ఆకురాయి మరీ కిందికి దిగింది, లేదా సన్నది వాడారు. అలాంటి పన్ను మొదట బ్రహ్మాండంగా కోసి, కాసేపటికే మొద్దుబారుతుంది. అంచు వెనక్కి వాలిందంటే ఆకురాయి మరీ పైకి పట్టారు, లేదా లావుది వాడారు. ఆ పన్ను కర్రలోకి దిగదు, నొక్కాల్సి వస్తుంది.

డెప్త్ గేజ్

మూడు నుంచి ఐదు సార్లు పదును పెట్టాక ఒకసారి దీని ఎత్తు చూసుకోవాలి. కొలత రేకును చైను మీద పెడితే బొడిపె దాని గాడిలోంచి పైకి వస్తుంది. రేకు దాటి ఎంత పొడుచుకొచ్చిందో అంతే బల్లపరుపు ఆకురాయితో తీసేయాలి. తోపు పంటి అంచు నుంచి దూరంగా, బయటికి ఉండాలి. చాలా చైన్లకు అంచుకూ బొడిపెకూ మధ్య ఎత్తు తేడా 0.65 మి.మీ. ఉండాలి, కొన్నిటికి 0.75. కొన్ని రేకుల మీద మెత్తటి కర్రకూ గట్టి కర్రకూ వేర్వేరు గాడులుంటాయి. మెత్తటి కర్రకు కాస్త ఎక్కువ లోతు చెల్లుతుంది. చదును చేశాక బొడిపె ముందు మూలను మునుపటిలా గుండ్రంగా వాలుగా దిద్దాలి. దిద్దకపోతే అది కర్రకు తట్టుకుంటూ పోతుంది.

తీయడం ఎంత అవసరమో, ఎక్కువ తీయకపోవడం అంతకన్నా అవసరం. బొడిపెలు మరీ దిగిపోతే ప్రతి పన్నూ మోయగలిగినదానికన్నా ఎక్కువ కొరుకుతుంది. రంపం కుదుపులతో లాగుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది, బార్ కొస తగిలినప్పుడు రంపం ఎగిరి మనిషి మీదికి తిరగబడే అవకాశం పెరుగుతుంది. వేగంగా కోస్తుందని బొడిపెలు కావాలని దించేవాళ్ళ మాట వినకండి. అన్ని బొడిపెలూ ఒకే ఎత్తున ఉండటం కూడా అంతే ముఖ్యం.

తిరిగి బిగించి కోసి చూడటం

రజను పూర్తిగా తుడవండి. అది బార్ గాడిలో చేరితే నూనెతో కలిసి సానరాయిలా అరగదీస్తుంది. చైను బిగువు మళ్ళీ మామూలుకు తీసుకురండి. చల్లగా ఉన్న చైను బార్‌కు అంటుకుని ఉండాలి, చేత్తో లాగితే సాఫీగా తిరగాలి. చైనుకు నూనె అందేలా కొంచెం సేపు నడిపి, బిగువు ఇంకోసారి చూసి కోతకు దిగండి.

కోత ఒక పక్కకు వంపు తిరిగితే, మామూలుగా పదును ఎక్కువున్న పక్కకు, లేదా పళ్ళు పొడవున్న పక్కకు వంగుతుంది. రెండో పక్క పళ్ళు మొద్దుగా ఉన్నాయేమో చూడండి. పళ్ళు సమంగానే ఉన్నా వంపు పోకపోతే బార్ గాడి గోడలు ఒక పక్కకు అరిగి ఉంటాయి. బార్ అంచుల మీద లేచిన మొరటు పొరను బల్లపరుపు ఆకురాయితో తీసేసి, బార్‌ను ప్రతి పదునుకూ తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి.

మిషన్ సాన, దుకాణం

రాయికో మేకుకో తగిలి పళ్ళు బాగా చెడినా, చేతిపదునుతో పళ్ళు హెచ్చుతగ్గులై పోయినా మిషన్ సాన మంచి దారి. అది పళ్ళన్నిటినీ ఒకే పొడవుకూ కోణానికీ తెస్తుంది. రోజువారీ మెరుగుకు మాత్రం చేతి ఆకురాయే నయం. మిషన్ అవసరానికి మించి లోహం తినేస్తుంది, పది పదునుల ఆయుష్షు రెండు పూటల్లో పోగొట్టగలదు. సాన చక్రం ఒకేచోట ఎక్కువసేపు ఆగితే పన్ను వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది. అలా కాలిన ఉక్కు స్వభావం మారిపోతుంది. తర్వాత ఆకురాయి పట్టినా కొరకకుండా జారుతుంది, అంచూ నిలవదు. కాబట్టి చక్రాన్ని క్షణంపాటు తాకించి తీయడమే పద్ధతి.

దుకాణానికి ఇస్తే రెండు మాటలు ముందే చెప్పండి: కనీస లోహమే తీయమని, డెప్త్ గేజ్‌లూ సరిచేయమని. తిరిగి వచ్చాక నీలం మచ్చలున్నాయా, పళ్ళ పొడవు సమంగా ఉందా చూసి తీసుకోండి. రెండు మూడు చైన్లు వంతులవారీగా వాడితే ఒకటి దుకాణంలో ఉన్నా పని ఆగదు.

ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు మానేయాలి

ఇంధనం నింపిన ప్రతిసారీ, లేదా బ్యాటరీ మార్చిన ప్రతిసారీ రెండు తోపులు వేస్తే చైను ఎప్పుడూ మొద్దుబారదు, మొత్తం పని కొన్ని నిమిషాలే. మట్టి, ఇసుక అంటిన దుంగలు కోసేవాళ్ళకు గుండ్రటి మూల ఉన్న సెమీ చిజెల్ పళ్ళు నప్పుతాయి. పదునైన మూల ఉన్న ఫుల్ చిజెల్ పళ్ళు శుభ్రమైన కర్రలో వేగంగా కోస్తాయిగానీ మురికి తగిలితే వెంటనే చెడతాయి.

చాలా చైన్ల పళ్ళ మీద అరుగుదల గీత ఒకటి ఉంటుంది. ఆకురాయి ఆ గీత దాకా వచ్చినా, పైరేకు పొడవు 4 మి.మీ.కి తగ్గినా చైను మార్చేయాలి. ఆ పొట్టి పన్ను కోసేటప్పుడు విరిగి ఎగిరే ప్రమాదం ఉంది. రెండు చైన్లు అరిగేసరికి చైనును తిప్పే స్ప్రాకెట్ మీద కూడా గాడులు పడతాయి. ఆ స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే స్ప్రాకెట్‌లో కూర్చునే దాని డ్రైవ్ లింకులు ముందుగానే అరిగిపోతాయి, కనుక కొత్త చైనుతో పాటు స్ప్రాకెట్టూ మార్చండి.